చేతులు ఏం చేస్తున్నాయి?

మా బావ లిఫ్టు మెకానిక్. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చలవ వల్లే కదులుతున్నాయి. ఆయన మాత్రం మెట్లెక్కుతాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటే ఇదే. "మీ బావకి ఒంటిమీద శ్రద్ధ ఎక్కువరా," అని మా అక్క మురిసిపోయేది.

అసలు సంగతి ఆయన ఈమధ్యే చెప్పాడు. రెండేళ్ల క్రితం ఒక లిఫ్టులో గంటసేపు ఇరుక్కుపోయాడట. అప్పట్నుంచి తలుపులు మూసుకుంటే చాలు, గుండె దడ, ముచ్చెమటలు. లిఫ్టు మెకానిక్ ఈ మాట ఎవరితో చెప్పుకుంటాడు? చివరికి డాక్టరమ్మ దగ్గరికెళ్తే, ఆవిడ మందులిచ్చి ఫోన్లో ఒక గ్రూపులో చేరమంది. అందులో అందరూ దడ బాధితులే. వంతెన చూస్తే వణికే బస్సు డ్రైవరు, జనాన్ని చూస్తే బిగుసుకుపోయే టైలరమ్మ. అక్కడ రూలు ఒక్కటే. ఎవరికైనా దడ వస్తే మిగతావాళ్లు సలహాలివ్వకూడదు, తమ చేతులు అప్పుడేం చేస్తున్నాయో చెప్పాలి.

"గుండీ కుడుతున్నా," అనేది టైలరమ్మ.

"టైరు తన్ని చూస్తున్నా," అనేవాడు డ్రైవరు.

"చేతులన్నాం బాబూ, కాళ్లు కాదు!"

ఈ చాదస్తానికే బావ ఊపిరి దారిలో పడేది. సలహాలతో చంపే చుట్టాలున్న నాకు ఆ గ్రూపంటే కుళ్లు పుట్టింది.

ఇంతలో లిఫ్టుల తనిఖీకి కొత్త ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. బాగుచేసినవాడే తనతో లిఫ్టెక్కి చూపించాలి, లేకపోతే లైసెన్సు రద్దు అంది. బావ గ్రూపులో పెట్టాడు: "పదింటికి ఎక్కుతున్నా. నన్ను వదలకండి."

ఎక్కాడు. తలుపులు మూసుకున్నాయి. ఫోన్లో సిగ్నల్ పోయింది! లిఫ్టులో ఫోను పనిచెయ్యదని ఊరందరికీ చెప్పే మనిషి, తన దాకా వచ్చేసరికి మర్చిపోయాడు.

దడ మొదలైంది. బావ కళ్లు మూసుకుని పైకే అనేశాడు: "నా కుడిచేయి స్పానర్ పట్టుకుంది. ఎడమచేయి కడ్డీ పట్టుకుంది."

ఇన్‌స్పెక్టరమ్మ ఇదేదో భద్రతా పద్ధతి అనుకుంది. "నా చేతిలో పెన్ను ఉందండీ," అంది బుద్ధిగా. "ఇంకో చేతిలో ఫైలు. ఇది కూడా రాసుకోవాలా?"

"రాసుకోండి," అన్నాడు బావ.

ఏడో అంతస్తులో తలుపులు తెరుచుకోగానే ఫోను ఆగకుండా మోగింది. "గుండీ కుడుతున్నా." "రెండోది." "మూడోది." "బస్సు పక్కకి ఆపి స్టీరింగు పట్టుకునే కూర్చున్నా." చివరగా టైలరమ్మ: "చొక్కాకి గుండీలన్నీ అయిపోయాయి. ఎక్కడున్నావయ్యా?"

బావ అక్కడే మెట్టుమీద కూలబడి జవాబు రాశాడు.

"ఏడో అంతస్తులో. చేతులు కళ్లు తుడుచుకుంటున్నాయి."