సారు ఎంచిన ఆపిల్ వేర్లు

మా సారు పోయారన్న కబురు నాకు హిమాచల్ కొండ మీద, ఆపిల్ కొమ్మలు కత్తిరిస్తుండగా అందింది. కోరుట్ల నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. "పొద్దుగాల చాయ్ తాగుకుంట గట్లనే ఒరిగిండు బిడ్డా. నిన్న గూడ నీ తోట ముచ్చటే చెప్పిండు," అన్నారు. కత్తెర పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

జగిత్యాలలో మాకు పండ్లతోటల పాఠం చెప్పిన సారు ఆయన. చుట్టూ మామిడి తోటలు, బయట మాడు పగిలే ఎండ. ఆయన మాత్రం చలిప్రాంతపు చెట్ల సంగతి ఎత్తితే కుర్చీలో కూర్చోలేకపోయేవారు. అప్పటికి ఆయన ఆపిల్ చెట్టును కళ్లతో చూసింది లేదు. "కింద వేరు ఒక చెట్టుది, మీద అంటు ఇంకో చెట్టుది. అందరు పండు పేరే అడుగుతరు. చలికి ముందుగాల నిలవడాల్సింది వేరు," అనేవారు.

సిరిసిల్లలో మరమగ్గాల మోతలో పెరిగిన నాకు ఆ సంబరం అంటుకుంది. చదువయ్యాక ఈ తోటలో పని దొరికితే మా నాయిన జంకాడు. సారే ఇంటికొచ్చి, "పంపు తమ్మీ. నేను చూడంది నీ బిడ్డన్న చూస్తది," అని ఒప్పించారు.

నేను చేరిన ఏడాదే పల్లంలో పెట్టిన పొట్టి రకం చెట్లు చలికి వేర్లతో సహా చచ్చిపోయాయి. తోట యజమాని, ఒక పెద్దావిడ, మళ్లీ ఇట్లాగే అయితే భూమి అమ్మేస్తానన్నది. సారుకు ఫోన్ చేశాను.

"ఫోన్ల తెగే ముచ్చట కాదిది. నేనే వస్తున్న," అన్నారు. కొత్తగా రిటైరయ్యారు, రైలెక్కేశారు.

బస్సు దిగగానే నన్ను పలకరించడం మరచి, రెండు చేతులా మంచు ఎత్తుకుని వాసన చూశారు. సాయంత్రం తోటలో అగరుబత్తి వెలిగించారు. పొగ పైకి లేవకుండా వాలు వెంట కిందికి జారింది.

"చూసినవా? చలిగాలి నీళ్ల లెక్క పారుతది. గీ పల్లంల మడుగు కడతది. ఈడ అడవి ఆపిల్ గింజకు మొలిచిన మొక్క పెట్టి, దాని మీద ఆలస్యంగ పూసే రకం అంటు కట్టు. పొట్టి రకం కొత్త మొక్కలు మీద వాలుల పెట్టు."

అడవి వేరు చెట్టు కాయడానికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా నేనుంటానా అన్నది పెద్దావిడ. సారు తన కోరుట్ల హిందీలో, పై చెట్ల పండ్లు తింటూ కింది చెట్ల కోసం చూడమన్నారు. ఆమె నవ్వి సరేనన్నది.

ఏళ్లు గడిచి, పోయిన వసంతంలో పల్లంలోని చెట్లు మొదటిసారి మొగ్గ తొడిగాయి. అదే వారం గడ్డకట్టే చలి వచ్చింది. పక్క తోటల్లో అప్పటికే విచ్చిన పూత నల్లబడి రాలింది. మా మొగ్గలు ఇంకా గట్టిగా ముడుచుకునే ఉన్నాయి. ఎండ కాశాక ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి.

పరుగున పోయి సారుకు వీడియో కాల్ చేశాను. ఆయన బనియన్ మీద, పంకా కింద ఉన్నారు.

"దగ్గరికి వట్టు బిడ్డా. ఇంకా దగ్గరికి."

పూల దగ్గర ఫోన్ పట్టుకున్నాను. ఆయనా తన ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నారు. ఇక ముఖం కనబడలేదు. తెర నిండా కళ్లద్దాలు, ఆ రెండు అద్దాల్లోనూ తెల్లగా, గాలికి ఊగుతూ, మా పల్లంలోని పూత.