మేం తినేదే అమ్ముతం

కరీంనగర్ రోడ్డు మీద, అలియాబాద్ దాటాక, నీలం ప్లాస్టిక్ పట్టా కింద చేపలు అమ్మే మనిషిని నేను. డిగ్రీ చదివి చేపలు కోస్తోందని ఊళ్ళోవాళ్ళు వెనకా ముందూ అంటుంటారు. అననీ. పెనిమిటి పోయాక నేనూ నా బిడ్డా మా నాయిన ఇంట్లోనే ఉంటున్నాం. నాయిన ఊరి చెరువులో పట్టుకొస్తాడు, నేను అమ్ముతాను. మూడు కడుపులకూ ఆ పట్టా కిందిదే తిండి.

జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలంటే చేపల దుకాణం దగ్గర నిలబడితే చాలు. పొలుసు తీసి ముక్కలు కొట్టేదాకా మనిషికి వేరే పని ఉండదు కాబట్టి అభిప్రాయం చెబుతాడు. ప్లాట్లు అమ్ముడుపోవట్లేదని ఒకాయన ఇప్పటి ప్రభుత్వాన్ని తిడతాడు. పక్కనున్నాయన అంతకు ముందుదాన్ని తిడతాడు. ఊరు మున్సిపాలిటీలో కలిసి ఉపాధి పని పోయిందని, పన్నుల బాధ మొదలైందని ఆడవాళ్ళు రెండింటినీ కలిపి తిడతారు. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసే అమ్మాయిలు క్యాబు ఆపి దిగి, అమెరికా వాడు పన్ను వేస్తే మందుల ఎగుమతి ఏమవుతుందో, తమ ఉద్యోగాలు ఉంటాయో ఊడతాయో అని దిగులుపడతారు. నేను అందరికీ "అవునన్నా", "నిజమే అక్కా" అంటాను. చేపకు పార్టీ లేదు, నాకూ లేదు.

నాకున్నది ఒక్కటే మాట. ఎవరైనా మొప్పలు ఎత్తి చూసి అనుమానపడితే "మేం తినేదే అమ్ముతం" అంటాను. నాయిన తల్లి, మా అవ్వ, నెత్తిన గంపతో ఊళ్ళు తిరిగిన రోజుల నుంచి మా ఇంటి ఆడవాళ్ళ మాట అది. దానికో కట్టుబాటు కూడా ఉంది. పొద్దున పట్టిన చేపల్లోంచి ముందు ఇంటికి ఒకటి తీసిపెట్టాకే గంప ఎత్తాలి. ఇంట్లో వండకుండా ఊరికి అమ్మితే ఆ మాట అనే హక్కు పోతుంది. అవ్వ జ్వరంతో మూలుగుతూ కూడా నాలుగు ముక్కలు తిని బేరానికి వెళ్ళేదట.

కిందటేడు ఎండాకాలంలో ఒక పొద్దున చెరువు అంచున చేపలు తెల్లగా తేలాయి. నీళ్ళు తగ్గి ఊపిరాడక చచ్చాయని కొందరన్నారు. ఎగువన ఉన్న మందుల కంపెనీ నుంచి ఏదో కలిసిందని కొందరన్నారు. ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. చాలా రోజులు నా దగ్గర ఒక్కరూ ఆగలేదు. బిడ్డకు పాలు కూడా అరువు తెచ్చాను. వానలు పడి చెరువు నిండాక జనం మెల్లగా మరిచిపోయారు.

ఆ రోజుల్లోనే నాయిన చేపలు తినడం మానేశాడు. మల్లన్నకు మొక్కుకున్నానన్నాడు. నా బిడ్డ గొంతులో ఒకసారి ముల్లు గుచ్చుకుంటే, పిల్లకు ఇక చేప పెట్టొద్దని పట్టుబట్టి రోజూ కోడిగుడ్లు తేసాగాడు. ముసలి చాదస్తం అనుకున్నాను. ఇంటికి ఒకటి తీసిపెట్టడం మాత్రం ఆపలేదు. దాన్ని వండుకుని నేనొక్కదాన్నే తినేదాన్ని.

ఈ యేడు ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటారు. ఆ కంపెనీ పెద్దదవుతుందట. దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడుతున్నారట. ఓట్లప్పుడు తప్ప మమ్మల్ని ఏదీ అడగని వాళ్ళు అభిప్రాయం అడగడానికి వస్తున్నారంటే మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఊరు రెండుగా చీలింది. ఉద్యోగాలు వస్తాయని పడుచువాళ్ళు, బోర్లు పాడవుతాయని రైతులు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఎడమొహం పెడమొహం అయ్యారు. నా దుకాణం దగ్గర కూడా జనం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి మాట్లాడసాగారు.

మా చేపలవాళ్ళంతా ఒక చోట కూర్చుని ఒక తీర్మానానికి వచ్చారు. కంపెనీని నిలదీయాలి, కానీ చెరువు నీళ్ళ మాట ఎత్తకూడదు. పెళ్ళికి పోయి పెళ్ళికొడుకు ఊసెత్తొద్దన్నట్టుంది అని నేనే వెక్కిరించాను. కానీ వాళ్ళ భయం నాకు తెలుసు. నీళ్ళు బాగాలేవని మా నోటితో మేమే అంటే మా చేపలు ఎవరు కొంటారు? బాగున్నాయంటే కంపెనీకి అడ్డేముంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏటా చెరువులో మొదటి వల వేసేది నాయినే కాబట్టి సభలో ఆయనే మాట్లాడాలన్నారు. స్థానికులకు నౌకర్లివ్వాలి, లారీలతో కట్ట మీది బాట పాడు చేయొద్దు, ఇంతే చెప్పాలి.

సభకు ముందు ఆదివారం మా ఊరి పటేల్ దుకాణానికి వచ్చాడు. కంపెనీ గేటు పక్కన ఆయన వెంచర్ ఉంది. అందులో ప్లాట్లు ఏడాదిగా కదలడం లేదు, కంపెనీ పెరిగితే కదులుతాయని ఆయన ఆశ. నాయిన ఒక పక్కన వల చిక్కులు తీస్తున్నాడు.

"కాకా, సభల మాట్లాడుతవట గదా" అన్నాడు పటేల్.

నాయిన తల ఊపాడు.

"మాట్లాడు, నేనొద్దంటలేను. గని ఒక్కటి సోంచాయించు. నీళ్ళు ఖరాబైనయని నువ్వంటే గా మాట ఫోన్లల్ల మేడ్చల్ దాక పోతది, సిటీ దాక పోతది. కంపెనీకేం గాదు, ఆళ్ళ మందులు ఈడ అమ్మరు. నీ చేపలెవలు కొంటరు చెప్పు." నా వైపు తిరిగి నవ్వాడు. "చెల్లె, రెండు కిలోల బొచ్చె కొట్టు. మీరు తినేదే గదా?"

"మేం తినేదే పటేలా" అన్నాను. నాకు ఒళ్ళు మండింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేనందుకు ఇంకా మండింది.

ఆ సాయంత్రం నాయినకు పాఠం చెప్పినట్టు చెప్పాను. "నీళ్ళు ఎట్లున్నయని అడిగితే ఏమంటవ్?"

"మంచిగున్నయంట."

"గంతే. ఎక్కువ తక్కువ మాట్లాడకు నాయినా. నాకు బేరం పోతే మనకు దిక్కు లేదు."

"సరే బిడ్డా" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. నాకు భయమేసింది.

సభ రోజున షామియానా వేసి చుట్టూ తాళ్ళు కట్టారు. పోలీసులు దారి పొడుగునా నిలబడ్డారు. ఎక్కడెక్కడి నుంచో వ్యాన్లలో వచ్చినవాళ్ళు ముందు కుర్చీలన్నీ నింపేశారు. ఒకరి తర్వాత ఒకరు మైకు దగ్గరకు వచ్చి, అప్పజెప్పినట్టు, కంపెనీ రావాలి, అభివృద్ధి కావాలి అన్నారు. మా ఊరి రైతు ఒకాయన లేచి మీది ఏ ఊరని అడిగాడు. కేకలు మొదలయ్యాయి. కుర్చీలు విరిగాయి. పోలీసులు లాఠీలు అడ్డం పెట్టి జనాన్ని వెనక్కి నెట్టారు. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే నాయినను పిలిచారు.

నాయిన తువ్వాలు సర్దుకుని మైకు దగ్గరకు వెళ్ళాడు. నౌకర్ల మాట, కట్ట మాట అందరూ అనుకున్నట్టే చెప్పాడు. వేదిక మీద అధికారి రాసుకున్నాడు.

"చెరువు నీళ్ళు ఎట్లా ఉన్నాయి పెద్దాయనా?"

"మంచిగున్నయి సారు."

నేను ఊపిరి వదిలాను. మా వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. రెండో వరసలో పటేల్ కాలు మీద కాలేసుకున్నాడు. నాయిన వెనక్కి తిరగబోతుంటే ఆ అధికారి, ఏ కల్మషమూ లేకుండానే అనుకుంటా, ఇంకొకటి అడిగాడు.

"మీ ఇంట్లో ఆ చేపలు తింటున్నారు కదా?"

నాయిన ఆగిపోయాడు. వేరే ఏది అడిగినా తప్పించుకునేవాడు. ఆ ఒక్క ప్రశ్నకు మా ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పి ఎరగరు.

"నేను తింటలేను సారు" అన్నాడు. "చేపలు తేలిన కాన్నుంచి తింటలేను. మనవరాలికి పెడ్తలేను. నీళ్ళల్ల ఏమున్నదో నాకు తెల్వది, అది మీ అసొంటోళ్ళు చూడాలె. నాకు నోట్లె పెట్టబుద్ధయితలేదు. పడుతున్న, అమ్ముతున్న. మొక్కున్నదని ఇంట్ల చెప్పిన. మొక్కు లేదు, ఏం లేదు."

అన్ని వైపులా ఫోన్లు పైకి లేచాయి. తర్వాత మా చేపలవాళ్ళే మొదలుపెట్టారు. "మా కడుపు కొట్టినవు గదనే" అని ఒకామె ఏడ్చింది. పటేల్ లేచి వెళ్ళిపోయాడు. నేను తాడు వదలలేక అక్కడే ఉండిపోయాను.

కంపెనీ సంగతి పైనుంచి తేలాలట, ఇంకా తేలలేదు. నా సంగతి మాత్రం మర్నాటికే తేలిపోయింది. రోజూ ఆగే క్యాబులు నెమ్మదించి, నన్ను చూసి, వెళ్ళిపోయాయి. ల్యాబు అమ్మాయి ఒకామె మాత్రం దిగి వచ్చి, చేపల వైపు చూడకుండా, "మీకు ముందే తెలుసా అక్కా?" అని అడిగింది. తెలియదన్నాను. నమ్మిందో లేదో తెలియదు.

ఆ వారమంతా నాయినతో మాట్లాడలేదు. అయినా ఆయన చెరువుకు వెళ్ళడం మానలేదు, నేను పట్టా కట్టడం మానలేదు. ఒక మధ్యాహ్నం పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇక ఆగలేక అడిగేశాను.

"నువ్వు మానేసినవ్, పిల్లతోని మాన్పిచ్చినవ్. నాకెందుకు చెప్పలే నాయినా? నేను రోజు తిన్న గదా. నువ్వే తీసిపెడితివి."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"నువ్వు తినకుంటే నీ నోట్లకెల్లి గా మాట రాకపోవు బిడ్డా. బేరం నడవకపోవు" అన్నాడు. చేపల మీద నీళ్ళు చల్లి మళ్ళీ అన్నాడు. "ఇంట్ల ఒక్కలన్న తినాలె గదా."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కన్నబిడ్డను ఎరగా నిలబెట్టి ముగ్గురికి అన్నం పెట్టించిన మనిషిని ఏమని తిట్టాలో తెలియలేదు. ఆయన పిల్లను కాపాడుకున్నాడు, బేరాన్ని కాపాడుకున్నాడు. మధ్యలో నేనున్నాను.

అంతలో ఒక బైకు ఆగింది. సిద్దిపేట వైపు నుంచి వస్తున్నట్టున్నాడు, మా వీడియో చూసిన మనిషిలా లేడు. వంగి ఒక బొచ్చె మొప్పలు ఎత్తి చూశాడు.

"మంచియేనా అక్కా? మీరు తింటరా?"

నాయిన నా మొహంలోకి చూశాడు.

"తింటలేమన్నా" అన్నాను. "ఇంకో దిక్కు కొనుక్కో."

ఆయన వింతగా చూసి బైకు తీశాడు. నేను లేచి పట్టా తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను.