హెడ్‌ఫోన్లలో రొద

మా మామయ్య నూలుమిల్లులో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా చేశారు. పెద్ద స్క్రూడ్రైవర్ మొనను యంత్రానికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ బేరింగు అరిగిందో ఇట్టే చెప్పేవారట. రిటైరయ్యాక ఆ విద్య మా ఇంటి మీద పడింది. బాగానే తిరుగుతున్న ఫ్యాను విప్పారు. ఇస్త్రీపెట్టె విప్పారు. బిగించాక రెండు స్క్రూలు మిగిలితే, "కంపెనీవాళ్లు ఎక్కువ పెట్టార్లే," అన్నారు. అందుకే నా కంప్యూటర్ జోలికి రావద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేయడం నా పని. ఆ నెలలో హెడ్‌ఫోన్లలో ఒకటే రొద. వినపడని చోటల్లా ఖాళీ వదిలి పంపితే రెండు ఫైళ్లు తిరిగొచ్చాయి. మూడోదీ తిరిగొస్తే ఇక పని ఇచ్చేది లేదని కంపెనీ రాసింది. ఆ మూడో ఫైలును ఆ రోజు సాయంత్రం ఐదింటికల్లా పంపాలి.

కొత్త హెడ్‌ఫోన్లు కొన్నాను, రొద పోలేదు. రిపేరు షాపాయన వచ్చి, ఏవేవో నొక్కి, కొత్త కంప్యూటర్ కొనుక్కోమని ఉచిత సలహా పారేసి వెళ్లాడు. అప్పటికే పన్నెండైంది. తల పట్టుకుని కూర్చుంటే గుమ్మంలో మామయ్య కనిపించారు.

"లోపలికి రానమ్మా, ఒట్టుంది కదా. ఇక్కణ్ణుంచే అడుగుతున్నా, ఏమైంది?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టా, రండి మామయ్యా!"

ఈసారి ఆయన స్క్రూడ్రైవర్ తేలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఆ మౌస్ కదుపమ్మా... ఆపు. మళ్లీ కదుపు. కదిపినప్పుడల్లా గీపెడుతోంది. పెట్టెలో పనిచేసేవాటి చప్పుడు ఈ తీగలోకి దూరుతోందన్నమాట. దీన్నెక్కడ గుచ్చావు?"

"ముందువైపు. చేతికి అందుతుందని."

"అక్కణ్ణుంచి మెయిన్ బోర్డు దాకా లోపల తీగ పోతుందిగా. దారి పొడవునా పక్కవాళ్ల గోలంతా మోసుకొస్తోంది. వెనకాల, నేరుగా బోర్డుకే ఉండే రంధ్రం లేదూ?"

ఉంది. ఆకుపచ్చ రంగుది, ఐదేళ్లుగా దుమ్ము కొట్టుకుని ఉంది. మామయ్యే బల్ల కిందకు దూరి, తల బల్లకు కొట్టుకుని, బల్లనే తిట్టి, దాన్లో గుచ్చారు. రొద ఠక్కున ఆగిపోయింది. డాక్టరు ఊపిరి పీల్చడం కూడా వినిపించింది!

నాలుగున్నరకి ఒక్క ఖాళీ లేకుండా ఫైలు పంపాను. ఆరింటికి జవాబొచ్చింది: చాలా బాగుంది, రేపటి నుంచి రోజూ పంపుతాం. పరుగున వెళ్లి మామయ్యకు చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచారు.

"నన్నెవరైనా పనికి పిలిచి ఎనిమిది నెలలైందమ్మా," అన్నారు. "పిలుస్తారేమోనని రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని కూర్చుంటున్నా."

సిగ్గుతో నా తల వాలిపోయింది. పక్క గదిలో ఇంత మనిషిని పెట్టుకుని, నేను ఊరంతా తిరిగాను.