జంపక్క దాచుకున్న నాలుగు మాటలు

జంపక్కకు అక్షరం ముక్క రాదు. కానీ ఒక్కసారి చెవిన పడ్డ పాటను చచ్చినా మరిచిపోదు. గూడెంలో పెళ్లయినా పండగయినా రేల పాట ఎత్తుకునేది ఆమే. ఎప్పుడో చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర విన్న పాటను కూడా చరణం పొల్లు పోకుండా పాడేస్తుంది. అలాంటి మనిషి నోట ఎవడైనా పడ్డాడంటే వాడి ఖర్మ కాలినట్టే!

అలా పడ్డవాడి పేరు వెంకటరామారావు. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి మండల కేంద్రంలో స్థిరపడ్డ కుటుంబం. భద్రాచలం అవతల అడవి అంచు గూడేల్లో రాలిన ప్రతి చింతకాయా ఆయన గోడౌనుకు చేరాల్సిందే. తెల్లచొక్కా, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను. గూడెం వాళ్లతో తెలుగు, ఫోనులో సగం ఇంగ్లీషు. ఆయన ఇంగ్లీషు మొదలెడితే జంపక్క భర్త రామన్న చేతులు కట్టుకుని దూరంగా జరిగేవాడు, అక్కడేదో పూజ జరుగుతున్నట్టు. పాపం, ఉత్త అమాయకుడు.

ఆ గూడెంలో ఒక కట్టుబాటుంది. కొత్త చింతపండు ముందు ముత్యాలమ్మకు పెట్టి పండగ చేయాలి. ఆ తర్వాతే ఎవరైనా చెట్టెక్కాలి. ఇది ఒక్క భక్తి కోసమే కాదు. పండగ నాటికి కాయ బాగా పండి, కొమ్మ పట్టుకుని ఊపితే చాలు, జలజలా రాలిపడుతుంది. అంతకుముందైతే రాలదు. మంచుకు తడిసిన కొమ్మల మీద చివరిదాకా పాకి కోయాలి. పెద్దలు ఊరికే పెట్టలేదు.

ఆరేళ్ల కిందట వెంకటరామారావుకు తొందర పుట్టింది. అందరికంటే ముందు సరుకు దించితే రేటు బాగా పలుకుతుందట. పండగ ఇంకా తొమ్మిది రోజులుందనగా వచ్చి రామన్న భుజం మీద చెయ్యేశాడు.

"ఒక్క పది చెట్లు కోసిపెట్టు రామన్నా. పెద్దలు తప్పు వేస్తారంటావా? అమ్మవారికి మేకను నేనిప్పిస్తాలే."

జంపక్క అడ్డం తిరిగింది. "పండుగ గాలే. కొమ్మలు తడిగున్నయ్. వద్దంటే వద్దు."

"సావుకారి అంతటోడు భుజం మీద చెయ్యేసి అడిగిండు. ఎట్ల కాదనాలె?" అన్నాడు రామన్న.

మూడోరోజు పొద్దున్నే, వాగు గట్టు మీది పెద్ద చింతచెట్టు కొసకొమ్మ నుంచి జారి పడ్డాడు. నడుం విరిగింది.

భద్రాచలం దవాఖానాకు వెంకటరామారావు వచ్చాడు, చేతిలో ఒక రొట్టె ప్యాకెట్టు. మంచం దగ్గర ఒక నిమిషం నిలబడి, మొహం చిట్లించి, వరండాలోకి పోయి ఫోనెత్తాడు. నీళ్ల కోసం వెళ్లిన జంపక్క చెంబు పట్టుకుని ఆయన వెనకే ఆగిపోయింది.

"ఒక లేబర్ పడ్డాడు సార్. నో ప్రాబ్లం. స్టాక్ మొత్తం అక్వైర్ చేసేశాం. ముందే దించాం కాబట్టి మార్జిన్ ఇంక్రీజ్ అయింది. నెట్ గెయిన్ మనదే!" అని నవ్వాడు.

ఆ నవ్వు ఏ భాషదో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. మాటలే జంపక్కకు కొరుకుడు పడలేదు. వాటిని పాట పట్టుకున్నట్టు పట్టుకుంది. అక్వైర్, మార్జిన్, ఇంక్రీజ్, నెట్ గెయిన్. మంచం పక్కన కూర్చుని, రామన్న మూలుగుతుంటే, పెదవి కదలకుండా లోలోపలే వందసార్లు అనుకుంది. పదకొండో రోజు రామన్న పోయాడు.

అంతటితో అయిపోతే బాగుండును. పండగకు ముందే చెట్టెక్కి కట్టుబాటు తప్పాడని, చచ్చినవాడి మీద గూడెం పెద్దలు తప్పు వేశారు. దండుగ కింద అమ్మవారికి మేకను కట్టాలి. మరి ఇప్పిస్తానన్న పెద్దమనిషి ఏడీ? ఆ దరిదాపుల్లో కనిపిస్తే ఒట్టు. జంపక్క తన దొడ్లో ఉన్న ఒక్కగానొక్క మేకను తనే తోలుకొచ్చి కట్టింది. గూడెం పెద్ద గోపాలు ఆమె మొహం చూడలేక నేల చూపులు చూస్తూ, "ఏం చేద్దమక్కా, కట్టుబాటు గదా" అన్నాడు.

"అవ్, కట్టుబాటే. ఈ మాట యాది పెట్టుకో. మళ్ల ఒకనాడు నీ నోటితోనే చెప్పిస్త" అంది జంపక్క.

ఆ నాలుగు మాటల అర్థం కోసం ఆమె బయటివాళ్లనెవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని. మూడేళ్లు ఓపిక పట్టింది. కూతురు భవాని హాస్టల్లో ఉండి ఇంటర్‌లో చేరి సెలవులకు వచ్చిన రోజు, చేటలో బియ్యం చెరుగుతూ అడిగింది.

"అక్వైర్ అంటే ఏందే?"

"చేజిక్కించుకునుడు. నీకెందుకే అమ్మా?"

"చెప్పరాదే. ఇంక్రీజ్?"

"పెరుగుడు."

"మార్జిన్?"

"కొన్న రేటుకు, అమ్మిన రేటుకు నడుమ మిగిలేది."

"నెట్ గెయిన్?"

అది భవానికీ రాలేదు. మళ్లీ సెలవులకు వచ్చినప్పుడు సారును అడిగి తెలుసుకుని వచ్చింది. "ఖర్చులు, నష్టాలు అన్నీ తీసేసినంక ఆఖరుకు మిగిలే లాభమంటనే అమ్మా."

"అన్నీ అంటే? మీ నాయన గూడనా?"

భవాని పుస్తకం మూసేసింది. ఆ పూట తల్లీకూతుళ్లు అన్నం ముట్టలేదు.

అప్పటిదాకా జంపక్కది దుఃఖం. ఆ రోజు నుంచి పగ. అది మంచిదా చెడ్డదా అని నన్నడగకండి, ఆ వరండాలో చెంబు పట్టుకుని నిలబడింది నేను కాదు. చెప్పిన నోటితోనే ఆ మాటలకు అర్థం చెప్పించాలి, పదిమందిలో, రామన్న పడ్డ చెట్టు కిందనే. ఆమెకు కావాల్సింది అదొక్కటే. దాని కోసం ఎండనకా వాననకా నాలుగు గూడేలు తిరిగింది. ఆడవాళ్లను సంఘం కట్టించింది. సొంత కాంటా కొనిపించింది. ముత్యాలమ్మ గద్దె ముందు అందరి చేతా ప్రమాణం చేయించింది. ఎవరు అడిగినా, ఎంత ఇస్తానన్నా, పండగకు ముందు ఎవరూ చెట్టెక్కరు.

ఈ ఏడాది ఆ రోజు రానే వచ్చింది. అకాల వానలకు చుట్టుపక్కల చింత దెబ్బతింది. నాలుగు గూడేల చెట్లు మాత్రం నిండుగా కాసి ఉన్నాయి. వెంకటరామారావేమో ఒక పచ్చళ్ల కంపెనీతో ఒప్పందం రాసుకుని, అడ్వాన్సు తీసుకుని కూర్చున్నాడు. గోపాలు పండగ ఎప్పుడు పెడదామని అడిగితే జంపక్క కాయ చిదిపి చూసింది. పెంకుకు గుజ్జు ఇంకా అంటుకునే ఉంది.

"పన్నెండు దినాలు పడతది" అంది.

నిజానికి పది రోజులు చాలు. ఆ రెండు రోజులూ పగవి.

పదో రోజున వెంకటరామారావు లారీ వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. వాగు గట్టు మీద, పెద్ద చింతచెట్టు కింద సంఘం ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. గోపాలు కూడా ఉన్నాడు. ఇన్నేళ్లూ "ఏమే" అని పిలిచిన సావుకారు ఆ రోజు, "జంపక్కా" అన్నాడు. ఎంత మర్యాద!

"కిలోకు పది రూపాయలు ఎక్కువిస్తాను జంపక్కా. రేపటికల్లా లోడు వెళ్లకపోతే ఆర్డరు పోతుంది, పరువు పోతుంది. నన్ను ముంచకు తల్లీ."

పది రూపాయలనగానే వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. పిల్లలు గలవాళ్లు, ఆశ ఉండదూ మరి! జంపక్క వెనక్కి తిరిగి చూడలేదు.

"ఒక పని చెయ్ సావుకారి. దవాఖానా వరండాల ఫోన్ల ఒక మాట చెప్పినవు. గా మాట గీల్లందరికి తెలుగుల చెప్పు. చెప్పినంక మాట్లాడుకుందం."

"ఏ మాట?" అన్నాడు, నిజంగానే మరిచిపోయి.

జంపక్క అంది. ఒక లేబర్ పడ్డాడు సార్ అన్న దగ్గర మొదలుపెట్టి, ఆయన ఎక్కడ ఆగాడో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు పెంచాడో అక్కడ పెంచి, చివర నవ్వు కూడా అచ్చం ఆయన నవ్వే నవ్వింది. వెంకటరామారావు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"అదేదో వ్యాపారం మాటలే..."

"గదే. తెలుగుల చెప్పు."

ఆయన లారీ వైపు చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు. నేల చూస్తూ గొణిగాడు. "ఒక కూలివాడు పడ్డాడు. ఫరవాలేదు. సరుకంతా చేజిక్కింది. ముందే దించాం కాబట్టి... మిగులు పెరిగింది. అన్నీ పోను లాభం మనదే."

గుసగుసలాడిన ఆడవాళ్లలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. గోపాలు లేచి నిలబడ్డాడు.

"చెప్పాను కదా. మరి సరుకు?" అన్నాడు వెంకటరామారావు. ఛీ, ఏం పుటక! అప్పుడు కూడా సరుకే!

జంపక్క గోపాలు వైపు తిరిగింది. "పెద్దాయనా, కట్టుబాటేంది?"

"పండుగ గాకముందు ఎవ్వడూ చెట్టెక్కొద్దు" అన్నాడు గోపాలు. ఈసారి ఆమె మొహం చూసే చెప్పాడు.

"ఇన్నవు గదా సావుకారి. నీకంత తొందరుంటే చెట్టు గిదే. రామన్న ఎక్కిన కొమ్మ గదే. ఎక్కు" అంది జంపక్క. "తప్పుకు భయపడకు. అమ్మవారికి మేకను నేనిప్పిస్తలే."

వెంకటరామారావు తలెత్తి కొసకొమ్మ దాకా చూశాడు. వెనుదిరిగి లారీ వైపు నడిచాడు. లారీ ఖాళీగానే వాగు దాటింది.