చదివి వినిపించగా ఒప్పుకొనెను

కుటుంబ న్యాయస్థానంలో అందరూ ఆమెను టైపక్క అనే పిలిచేవారు. సాక్షి చెప్పినదాన్ని టైపు చేయడం, తిరిగి చదివి వినిపించడం, చివర "చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను" అని చేర్చి సంతకం తీసుకోవడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఆ కాగితాల్లో ఇంటికీ, నగలకూ, పిల్లల సెలవులకూ చోటుండేది. ఏడుపుకు మాత్రం లేదు. సాక్షి వెక్కి వెక్కి ఏడ్చినంతసేపూ ఆమె వేళ్లు మీటల మీద ఊరికే నిలిచి ఉండేవి. నలభై ఏడో ఏట ఆ ఊరికే ఉండటం ఆమెకు దుర్భరమైంది. ఉద్యోగం మానేసి, మనుషుల బాధ మాన్పే చదువేదైనా చదవాలనుకుంది.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే కళాశాల వివరాల పుస్తకం తిరగేశాడు.

"ఫిజియోథెరపీ అయితే ఉద్యోగానికి ఢోకా లేదట. కానీ రోగుల్ని ఎత్తి కూర్చోబెట్టాలి. నీ నడుము పట్టేస్తే నిన్నెవరు ఎత్తుతారు?"

"పోనీ, మాటలు రాని పిల్లలకి నేర్పే చదువు?"

"నెలకి నాలుగు మాటలు మాట్లాడతావు. అవి నేర్పితే మనకేం మిగులుతాయి?"

"అయితే కౌన్సెలింగే. కూర్చుని వినడం నాకు అలవాటేగా."

"ఫీజు చూశావా? దాచుకున్నదంతా ఊడ్చిపెట్టుకుపోతుంది. బయటికొచ్చేసరికి నీకు యాభై. అప్పుడు నీ దగ్గరికి ఎవరొస్తారే?"

ఆ ప్రశ్నను వెంటబెట్టుకునే ఆమె కౌన్సెలింగ్ ప్రవేశ పరీక్షకు వెళ్లింది.

పరీక్ష విచిత్రమైనది. తల నెరిసిన ఆచార్యుడొకరు రోగిగా నటిస్తారు. అభ్యర్థి పావుగంట వినాలి. ఆయన తొమ్మిదేళ్లుగా ఒకే దుఃఖాన్ని నటిస్తున్నారు. చేతిరుమాలు కూడా ఇస్త్రీ చేసి తెచ్చుకుంటారు.

ఆయన మొదలుపెట్టగానే టైపక్క అలవాటు కొద్దీ కాగితం తీసింది. అంతా రాసుకుని, గొంతు సవరించుకుని చదివింది.

"ఒకటి: నా తమ్ముడు నాతో మాట్లాడి తొమ్మిదేళ్లు అయినది. రెండు: తప్పు అంతయు అతనిదే. మూడు: అతని ఫోను నంబరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చును. సరిగ్గా ఉంటే ఇక్కడ సంతకం పెట్టండి."

"ఇది నటన కదమ్మా!"

"అయితే సంతకానికి భయమెందుకండీ?"

ఆయన కలం తీసి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయారు. "ఇది కొట్టేయండి."

"వీల్లేదండీ. చెప్పింది చెప్పినట్టే ఉండాలి. సవరణ ఉంటే పక్కన రాసి, దానికీ సంతకం పెట్టండి."

ఆయన పక్కన "సగం నాది" అని రాశారు. తర్వాత ఇస్త్రీ రుమాలు నలిగేలా ఏడ్చారు. టైపక్క చేయి ఈసారి ఊరికే ఉండలేదు. "ఇచ్చట సాక్షి ఏడ్చెను" అని రాసింది. ఇరవై రెండేళ్లలో అది మొదటిసారి.

"నేను మీ దగ్గరికి రావచ్చా?" అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ.

"చదువు లేకుండా వింటే చట్టం ఒప్పుకోదండీ."

"చేరితే మీరు నా విద్యార్థిని. అప్పుడు మా నిబంధన ఒప్పుకోదు. చదువు ఎప్పటికి పూర్తి చేస్తారు?"

"మూడేళ్లకి. మీరు పాస్ చేస్తే."

"ఆగుతాను," అని ఆయన సంతకం పెట్టారు.

ఆమె ఫీజు కట్టేసి ఇంటికి వెళ్లింది. భర్త తల ఎత్తలేదు.

"ఇంతకీ ఎవరొస్తారో తేలిందా?"

"ఒక కేసు వచ్చిందండీ," అంది చెప్పులు విడుస్తూ. "మూడేళ్లకి వాయిదా పడింది."

భర్త కంటికున్న భూతద్దం తీశాడు.