పసుపు గుడ్డలో బక్కెద్దు

గద్వాల సాలెవాడలో బాలస్వామి అంటే మాట తక్కువ మనిషి. ఎంత తక్కువంటే, పొద్దున తేలు కుడితే "అమ్మా" అనడానికి సాయంత్రం దాకా ఆలోచించాడు. అప్పటికి తేలే విసుగెత్తి వెళ్ళిపోయింది. ఇది నేను కళ్ళారా చూశాను. చూడనివి ఇంతకంటే బాగా చెప్పగలను గానీ, ఇది మాత్రం చూసిందే.

ఆయన పక్కిల్లే మాది. నా పేరు నర్సింహులు. బడి నన్ను ఎక్కువ రోజులు భరించలేకపోయింది, నేనూ పట్టుబట్టలేదు. పెబ్బేరు పశువుల సంతలో ఎడ్లకు గంటలు, మువ్వలు అమ్మేవాణ్ణి. నా గంట మెడలో పడితే ముసలెద్దు కూడా తన వయసు మరచిపోయేదని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఎవరూ చెప్పకపోతే నేనే చెబుతాను.

బాలస్వామి మాట్లాడకుండా దాచుకున్న మాటలన్నీ ఆయన కొడుకు హన్మంతు చేతిలోకి వచ్చాయి. ఆ పిల్లవాడు చీర అంచులకు బొమ్మలు గీసేవాడు. మామిడి పిందె గీస్తే నోట్లో నీళ్ళూరేవి. అంచులు గీసి చేయి ఖాళీ అయితే గోడమీద బొగ్గుతో మనుషుల్ని గీసేవాడు. మనుషులంటే మనుషులా! సంతకు వచ్చే ప్రతివాడూ తన ముక్కును ఆ గోడమీద చూసుకొని తడుముకునేవాడు.

లడాయి రోజులవి, పెద్ద యుద్ధం నడుస్తోంది. నూలు రావడం ఆగిపోయి మగ్గాలు మూలుగుతున్న కాలంలో హన్మంతు బొమ్మలతోనే ఒక కథ అల్లాడు. మాట ఒక్కటి కూడా లేదు, అన్నీ బొమ్మలే. ఒక కోతలరాయుడు బక్కెద్దును సంతకు తోలుకొస్తాడు. "ఇది బక్కది కాదు, ఉపవాసముంది" అన్నట్టు చేతులు తిప్పుతాడు. పేజీ తిప్పితే గాలి వస్తుంది, ఎద్దు లేచిపోతుంది, వీడు తోక పట్టుకొని వేలాడుతుంటాడు. చివరికి కొన్నవాడు ఎద్దును చంకన పెట్టుకొని ఇంటికి పోతాడు. ఆ కోతలరాయుడి మీసం అచ్చంగా నాదే. ఆ మీసానికి రెండు పేజీలు పట్టాయి. అంత మర్యాద నాకు మా మామగారింట్లో కూడా జరగలేదు.

చీరలు కొనడానికి వచ్చిన రాయచూరు ప్రెస్సు యజమాని ఆ బొమ్మలు చూశాడు. రాతి మీదికి దించి అచ్చు వేస్తానన్నాడు. ఇంట్లో మిగిలిన చివరి జరీ చీరను అచ్చు ఖర్చు కింద ఆయనకిచ్చి, బాలస్వామి ఒప్పుకున్నాడు.

పుస్తకాలు రాకముందే హన్మంతుకు విషజ్వరం వచ్చింది. దవాఖాన దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చారు. మంచం మీద నుంచి ఆ పిల్లవాడు ఒకటే అడిగేవాడు.

"నాయినా, సంతల జనం నవ్వుతరంటవా?"

"నవ్వుతరు బిడ్డా."

"నువ్వు ఇని నాకు చెప్పాలె. నర్సింహులు మామ నవ్వు లెక్కకు రాదు. ఎద్దు తుమ్మినా ఆయన నవ్వుతడు."

హన్మంతు దినాలు అయిపోయిన తరువాత గద్వాల స్టేషన్లో పుస్తకాల కట్ట దిగింది. మళ్ళీ వేయించుకునే దారి లేదు. అచ్చు వేశాక రాయి మీది బొమ్మను గీకేసి వేరే పనికి వాడుకుంటారట. బాలస్వామి ఆ కట్టను భుజాన మోసుకొచ్చి, కొడుకు పడుకున్న చోట దించి, చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు. ఆయనకు ఇక ఒకే పని మిగిలింది. ఆ పుస్తకం చూసి ఎవరైనా నవ్వితే వినాలి. విని, కొడుకును మట్టిలో పెట్టిన చోటికి పోయి చెప్పాలి.

"ఊరికే పంచు" అన్నాను నేను.

"ఉత్తగ ఇస్తె పొయ్యిల పెడతరు. కొంటెనే చూస్తరు" అన్నాడు. అది ఆయన ఆ నెలలో మాట్లాడిన అతి పొడుగు మాట.

బీచుపల్లి దగ్గర పుట్టిలో కృష్ణ దాటి పెబ్బేరు చేరాం. నా గంటల పక్కన గోనె పరిచి పుస్తకాలు పెట్టాడు. పలచటి చవక కాగితం, గట్టిగా ఊదితే చిరిగేలా ఉంది. ఒకడు నూనె చేతితో పట్టుకున్నాడు. ఇంకొకడు తిరగేయబోతే ఎద్దు నాలుక చాచి అట్ట లాగేసింది. పుట్నాలు అమ్మేవాడు వచ్చి, కాగితం బాగుందని ఒకటి కొని, మా ఎదుటే చించి పొట్లాలు చుట్టడం మొదలుపెట్టాడు. మీసమున్న పేజీలో పుట్నాలు పోశాడు. నేను కొట్టడానికి లేచాను. బాలస్వామి నా పంచె పట్టుకొని ఆపాడు. ఇంతలో గాలి లేచింది. ఆ గాలికి ఒక కోడె కట్టుతాడుతో సహా ఎగిరి అమరచింత పొలాల్లో దిగిందని నేను ఇప్పటికీ చెబుతాను, నమ్మనివాళ్ళు కోడెను అడగవచ్చు. గోనె మీది పుస్తకాల్లో చాలా భాగం పేడలో, దుమ్ములో పడి చిరిగాయి. బాలస్వామి ఒక్కొక్క ముక్కనూ ఏరాడు. చితిలోంచి ఎముకలు ఏరినట్టు ఏరాడు. నేను అప్పుడు నోరు మూసుకున్నాను. అది కూడా సంతలో చాలా రోజులు చెప్పుకున్నారు.

ఇంటికి వచ్చి ఆయన పాత గుడ్డలు తీశాడు. సాలెవాడికి తెలిసిన రక్షణ అదే. మంచి బట్టను ఎలా కాపాడతారో పుస్తకాన్నీ అలాగే కాపాడాలనుకున్నాడు. గంజి కాచి, పురుగు పట్టకుండా అందులో వేపాకు రసం, చిక్కగా పసుపు కలిపి, గుడ్డముక్కలు ముంచి ఎండబెట్టాడు. ఎండాక అవి అట్టలా బిగుసుకున్నాయి. మిగిలిన పుస్తకాల్లో ఒక్కోదాన్ని ఒక్కో ముక్కలో పెట్టి, నాలుగు కొనలు మడిచి, అంచుకు వాడగా మిగిలిన ఎర్రనూలుతో కట్టాడు. భార్య జమ్ములమ్మ గడపలో కూర్చొని చూసింది.

"గిట్ల మూటగడితె ఎవరు చూస్తరయ్యా?"

"ఇంటికి తీస్కపోయి ఇప్పుకుంటరు. చెయ్యి కడుక్కొని చూస్తరు."

"ఇంట్లకు ఒకటన్న ఉంచు."

"మనం నవ్వుతమా? నవ్వేటోళ్ళ ఇండ్లకే పోనీ."

ఆమె మూలకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తరువాతి సంతలో వింత జరిగింది. బాలస్వామి అరవడు, పిలవడు. పసుపు మూటలు ముందు పెట్టుకొని తల వంచుకొని కూర్చుంటాడు. నేను గొంతు చించుకొని గంటలు అమ్ముతుంటే, నన్ను దాటి జనం ఆయన ముందుకు పోయారు. ముందు ఒక ముసలమ్మ చెప్పులు విడిచి కూర్చొని మూట తీసుకుంది. తరువాత ఒక జంట. తరువాత ఎడ్లు కొన్న రైతులు. "ఇంటికి పోయి ఇప్పుకొని చూడుండ్రి" అని మాత్రం అనేవాడు బాలస్వామి. వాళ్ళు "చూస్తమన్నా" అని కళ్ళకద్దుకొని పోయేవారు. పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి సంతల్లో మూటలన్నీ అయిపోయాయి. "ఏం మందు పెట్టినవన్నా? నా గంటలకు గూడ పసుపు గుడ్డ కట్టియ్యరాదు!" అని ఏడిపించాను. చాలా రోజుల తరువాత ఆయన మొహంలో కొంచెం వెలుగు కనిపించింది.

ఆపైన ఆయన ఖాళీ చేతులతో సంతకు రావడం మొదలుపెట్టాడు. నా పక్కన కూర్చొని వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూసేవాడు. ఎవరో ఒకరు బక్కెద్దు సంగతి ఎత్తుతారని, తోక సంగతి చెప్పి నవ్వుతారని. ఎవరూ ఎత్తలేదు. చివరికి ఓపిక పట్టలేక, మూట కొన్న బక్కయ్య అనే రైతును నేనే పట్టుకున్నాను.

"ఏం బక్కన్నా, మూట ఇప్పినవా?"

బక్కయ్య చెంపలు వేసుకున్నాడు. "ముడుపు ఎట్ల ఇప్పుతరు నర్సిగా? నీకేమన్న తిక్కనా? ఆవు ఈనాలెనని మొక్కి దూలానికి కట్టిన."

"అండ్ల పుస్తకమున్నదయ్యా!"

"పుస్తకమని తెల్సు. ఏదున్నా ముడుపు ముడుపే. పసుపు గుడ్డల కట్టిస్తిరి. మొక్కు తీరినంక గుడిల ఇస్త."

బాలస్వామి వైపు తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు. పురుగుకు భయపడి ఆయన పసుపు ముంచాడు. ఇంట్లో కష్టమొస్తే పసుపు గుడ్డలో కట్టి దేవుడికి మొక్కుకోవడం పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నవాడే. జమ్ములమ్మ కూడా అలాంటి ముడుపులు ఎన్నో కట్టింది, కొడుకు జ్వరానికి కట్టింది. అయినా గుడ్డను సాలెవాడి కళ్ళతో చూశాడు తప్ప కొనేవాళ్ళ కళ్ళతో చూడలేదు.

"ఒక్కటన్న ఇప్పిపియ్యాలె" అన్నాడు చివరికి.

ఇళ్ళు వెతుక్కుంటూ బయలుదేరాం. ఒక ఇంట్లో మొక్కు తీరి మూటను బీచుపల్లి దగ్గర కృష్ణలో వదిలారు. ఇంకొకరు వనపర్తిలో గుడి హుండీలో వేశారు. పెబ్బేరులో ఒకాయన మూట చూపించాడు గానీ, ముట్టుకోనివ్వలేదు. "మా కోడలు నీళ్ళోసుకున్నది, ఇప్పుడు దాన్ని కదపొద్దు" అన్నాడు. ఎవరూ కోప్పడలేదు. అందరూ మజ్జిగ ఇచ్చారు. "నీ చేతి ముడుపు మంచిదన్నా" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా బాలస్వామి ఇంకొంచెం వంగిపోయాడు.

బిజినేపల్లి దగ్గర మెట్టపొలాల్లో మల్లమ్మ అనే విధవరాలి ఇల్లు ఆఖరిది. ఒక్కతే ఉంటోంది. కొడుకు ధర్మయ్య లడాయికి పోయాడు. పోయిన తరువాత కబురు లేదు. పొయ్యి పక్కన దూలానికి మూట వేలాడుతోంది. పొగకు నూలు మెత్తబడి ముడి జారింది, కొన తెరుచుకుంది. కాగితం అంచు, దాని మీద ఎద్దు తోక కనిపిస్తున్నాయి. బాలస్వామి కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నువ్వే కట్టిచ్చినవ్ గద అన్నా" అంది మల్లమ్మ. "జర బిగియ్యి. నా చేతులు వణుకుతున్నయి, ఊడి కింద పడితె మంచిది కాదంటరు."

మూట దించి ఆయన చేతుల్లో పెట్టింది.

"అమ్మా, అండ్ల ఏమున్నదో ఎప్పుడన్న..." అని మొదలుపెట్టాడు బాలస్వామి.

"చెప్పకన్నా! నీ కాల్మొక్కుత, చెప్పకు. ధర్మయ్య ఒచ్చినంక వాడే ఇప్పుతడు. ఇద్దరం చూస్తం." ఆమె నీళ్ళు తేవడానికి వెనక్కి వెళ్ళింది.

నేను ఆయన చెవిలో గుసగుసలాడాను. "ఇప్పు. ఊడి పడిందందాం. ఆమె చూస్తది, నవ్వుతది. నువ్వు ఇనొచ్చు."

బాలస్వామి బొటనవేలితో ఆ ఎద్దు తోకను ఒకసారి తాకాడు. తరువాత కాగితాన్ని లోపలికి నెట్టి, కొన మడిచి, మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడి వేశాడు. ఆ ముడి లాగిన కొద్దీ బిగుస్తుంది. మల్లమ్మ చెంబుతో వచ్చేసరికి మూట దూలానికి వేలాడుతోంది.

"ఇగ ఊడదమ్మా" అన్నాడు.

గద్వాల చేరాక ఆయన కొడుకును పెట్టిన చోటికి పోయాడు. నేను దూరంగా నిలబడ్డాను. తిరిగి వస్తుంటే అడిగాను.

"ఏం చెప్పినవన్నా?"

"‘ఇంక ఇప్పలేదు బిడ్డా, ఇప్పుతరట’ అని చెప్పిన."

లడాయి ముగిసింది. కొందరు తిరిగి వచ్చారు. ధర్మయ్య రాలేదు. నూలు వచ్చింది, బాలస్వామి మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు. నేను బిజినేపల్లి వైపు పోయి వచ్చినప్పుడల్లా నా బస్తా కూడా దించనివ్వకుండా అడిగేవాడు.

"ఇప్పిందా?"

ఊరందరికీ కోడెలు ఎగిరే కథలు చెప్పే నాకు ఆయన దగ్గర ఒక్క అబద్ధం రాలేదు. "ఇంక లేదన్నా" అనేవాణ్ణి.

"మంచిదే. ఆమెకు ఇంక ఆశ ఉన్నది" అని మగ్గం గుంటలోకి దిగేవాడు.