మూగబండి

నిన్న పొద్దున బాషా ఫోన్ చేశాడు.

"మోహన్ లేడబ్బా. నిద్రలోనే పోయినాడంట."

నమ్మలేదు. మొన్న సాయంత్రమే మా షాపు ముందు బండి ఆపి, ఇంజిన్ కూడా ఆఫ్ చేయకుండా కాసేపు మాట్లాడాడు. టీ తాగిపో అంటే "రేపొస్తాలే అప్పా" అన్నాడు. యాభై కూడా నిండలేదు వాడికి. హార్ట్ అంటున్నారు.

నిన్న మధ్యాహ్నానికి దహనం కూడా అయిపోయింది. నేనింకా ఆ టీ దగ్గరే ఉన్నాను.

మన ఫ్రెండ్స్ అందరికీ వాడు "మూగబండి మోహన్". బండికి హారన్ ఉండేది కాదు. కొత్త బండి కొన్నా ముందు హారన్ పీకించేసేవాడు. మలుపు వస్తే బండి స్లో చేసి, నోటితో "హోయ్" అని కేకేసి తిప్పేవాడు.

ఒకసారి పుత్తూరులో పెళ్ళి ఊరేగింపు వెనక ఇరుక్కుని, హారన్ లేక, నడిచినట్టే నడిపాడు. చివరికి వాళ్ళే పెళ్ళికొచ్చిన చుట్టమనుకుని పందిట్లోకి లాక్కెళ్ళి భోజనం పెట్టారు. రెండోసారి పాయసం కూడా వేయించుకుని వచ్చాడు మహానుభావుడు.

మనం ఎంత నవ్వామో.

ఎందుకు పీకేశాడో మాత్రం నాకూ బాషాకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు నేను చెప్తాను. చెప్పమని ఒకరు పర్మిషన్ ఇచ్చారు.

తొంభైల్లో, డిగ్రీ అయిన కొత్తలో, నాలుగు బండ్ల మీద హార్స్‌లీ హిల్స్ వెళ్ళాం. ముందు నేను, వెనక బాషా, తర్వాత మోహన్, చివర గిరి. కొత్త ఫ్రెండ్స్‌కి గిరి తెలియదు. వాడిది వడమాలపేట. మోహన్‌కి వాడంటే ప్రాణం.

ఘాట్‌లో మాకొక రూల్ ఉండేది. మలుపు తిరిగాక ఒక్కొక్కరు ఒక్కో హారన్ కొట్టాలి. ఆఖరి బండి మాత్రం రెండు కొట్టాలి. ఆ రెండూ వినబడితే అందరూ వచ్చినట్టే. ఆగనక్కర్లేదు.

కొండ మీద నీలగిరి చెట్ల కింద కూర్చుని గిరి వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. ఇంకా వేడిగానే ఉందని బాషా అబద్ధమాడాడు. అంత సంతోషంగా ఉన్నాం.

సాయంత్రం దిగేటప్పుడు మబ్బు కమ్మింది. నా ముందు చక్రమే నాకు సరిగ్గా కనబడలేదు. మలుపు మలుపుకీ హారన్లు వింటూ దిగాను. నాది ఒకటి, బాషాది ఒకటి, మోహన్‌ది ఒకటి.

ఆ తర్వాత రెండు.

కింద టీ కొట్టు దగ్గర ఆగి చూస్తే మూడు బండ్లే ఉన్నాయి.

గిరి చాలా పైన, మొదటి మలుపుల్లోనే లోయలోకి పోయాడు. మేం వెళ్ళేసరికి ప్రాణం లేదు.

కానీ కింది దాకా ఆ రెండు హారన్లు విన్నాం. నేనూ విన్నాను, బాషా కూడా విన్నాడు. గిరే పిలిచాడని, మనమే ఆగలేదని బాషా చాలా కాలం ఏడ్చాడు. నాకైతే ఇప్పటికీ వెనక నుంచి ఏ లారీ రెండుసార్లు కొట్టినా కాలు బ్రేక్ మీదికి పోతుంది.

కొన్నేళ్ళ తర్వాత చంద్రగిరి కోట దగ్గర కూర్చున్నప్పుడు మోహన్ మా ఇద్దరికీ చెప్పాడు.

"నేనే కొట్టినానప్పా. ఆ పొద్దు గిరి బండికి హారన్ పనిచేయలా. వాడికేమో ఆఖర్న రావడమే ఇష్టం. మీకు తెలిస్తే వాణ్ణి మధ్యలో రమ్మంటారని, వాడివి కూడా నేనే కొడతా వచ్చినా. ఎక్కేటప్పుడు మిర్రర్‌లో వాణ్ణి సూసుకుంటానే కొట్టినా. దిగేటప్పుడు మబ్బులో ఏం కనపడలా. వస్తానే ఉండాడులే అనుకున్నా."

తర్వాత ఒక్కటే అడిగాడు.

"వాళ్ళమ్మకు మాత్రం సెప్పొద్దండి. తెలిస్తే నన్ను గడప తొక్కనీదు."

ఆ గడప వాడికి అంత ముఖ్యం. ప్రతి ఆదివారం వడమాలపేట వెళ్ళేవాడు. ఆమెకు మందులు తెచ్చేది వాడే, మోటారు చెడిపోతే మెకానిక్‌ని పిలిచేది వాడే. ఆమె వడ్డిస్తే తల దించుకుని తినేవాడు. ఎప్పుడూ ఆమె కళ్ళలోకి చూడగా నేను చూడలేదు.

ఈ రోజు పొద్దున నేనూ బాషా ఆమె దగ్గరికి వెళ్ళాం. కబురు అప్పటికే చేరింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"ఆ హారన్ల సంగతి మీకన్నా సెప్పినాడా నాయనా?"

బాషా నా వైపు చూశాడు. ఆమే చెప్పింది.

"ఆ పొద్దు బయలుదేరేటప్పుడు గిరి ఈ వాకిట్లోనే హారన్ నొక్కి నొక్కి సూసినాడు. మోగలా. మోహన్ ఉండాడు కదమ్మా, నాకూ వాడే కొడతాడులే అని పోయినాడు. మీరొచ్చి, రెండు హారన్లు వినపడినాయమ్మా, అందుకే ఆగలా అన్నారే, అప్పుడే తెలిసిపాయె నాకు."

"మరి వాడికెందుకు సెప్పలేదమ్మా?" అన్నాడు బాషా.

"నాకు తెలుసని తెలిస్తే ఈడికి రావడం మానేస్తాడని. ఒకణ్ణి పోగొట్టుకున్నా. వీణ్ణి కూడా పోగొట్టుకుంటానా?"

మళ్ళీ తనే అంది.

"నీ తప్పు లేదు నాయనా అని ఒక్క మాట అనాల్సింది. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటానే ఉండిపోతిని."

ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ఇదంతా రాయనా అమ్మా అని అడిగాను. "రాయి. వాని బండికి హారన్ ఎందుకు లేదో అందరికీ తెలియనీ. ఇంక నవ్వరు," అంది.

మోహన్, ఆమెకు తెలుసురా. మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే నీకు అన్నం పెట్టింది.

ఇంక మిర్రర్‌లో చూసుకోకుండా పో. గిరి నీ వెనక లేడు, ముందే ఉన్నాడు.

ఇకనైనా నీ మనసుకు శాంతి దొరకాలి రా.